నేలకు పన్నెండా, పద్దెనిమిదా

“మీరు చేసేది ట్రెయిలరా, ఇనప్పెట్టెనా?”

ప్లైవుడ్ షాపులో ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. నేలకీ గోడలకీ పైకప్పుకీ అన్నిటికీ పద్దెనిమిది ఎమ్.ఎమ్. షీట్లే కావాలన్నాను మరి. కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరగడానికి, అందులోనే పడుకోవడానికి, నా చేతుల్తో చిన్న ట్రెయిలర్ కట్టుకుంటున్నాను.

“బలంగా ఉండాలి కదండీ.”

“మీ కారు లాగాలి కదండీ. నేలకి పన్నెండు, గోడలకి తొమ్మిది. కప్పు వంపు తిరగాలంటే ఆరు. పద్దెనిమిది వంగదు, మీలాగే.”

పరిచయమై పది నిమిషాలు కాలేదు, అప్పుడే చురక. మాట్లాడుతూనే ఒక్కో షీటునూ వేళ్ళ కణుపులతో తట్టి, చెవి ఆనించి వింటోంది. లోపలి పొర ఖాళీగా ఉంటే డొల్లగా మోగుతుందట. ఏడాది క్రితం పోయిన వాళ్ళ నాన్న నేర్పిన విద్య అది. ఆమె షీట్లను వింటుంటే నేను ఆమెనే చూస్తూ నిలబడ్డాను.

మందం అడిగే వంకతో మరో ఐదుసార్లు వెళ్ళాను. చివరికి గోడలకీ కప్పుకీ ఆమె మాటే విన్నాను. నేల దగ్గర మాత్రం మొండికేశాను. గోడౌను చివర ఒంటరిగా ఆనించి ఉన్న పద్దెనిమిది షీటు చూపించాను. ఆమె ముఖం మారింది.

“అది నాన్న చివరిసారి తట్టి పక్కన పెట్టింది. ఎందుకు పెట్టారో చెప్పలేదు.” షీటు మీది దుమ్ము తుడిచి, “తీసుకెళ్ళండి. ఎన్నాళ్ళని చూస్తూ కూర్చోను,” అంది.

జిగురు పూసి, మరలు బిగించి నేల వేశాను. రెండో వారంలో ఆ నేల తట్టడం మొదలుపెట్టింది.

సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకు. గబగబా నాలుగు దెబ్బలు, కాస్త ఆగి ఒకటి. కింద దూరి చూశాను. ఎలుక లేదు, వదులైన మర లేదు. అరచెయ్యి ఆనిస్తే దెబ్బ చేతికి తెలిసింది. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

షాపుకెళ్ళి చెప్పాను.

“ఇంటికి పిలవడానికి ఇదో కొత్త పద్ధతా?” అని నవ్వింది.

“పిలవడానికే అయితే ఇంతకన్నా మంచి అబద్ధం చెప్పేవాణ్ణి. ఇదిగో, ఇలా తడుతోంది.” బల్ల మీద తట్టి చూపించాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. మర్నాడు వాళ్ళమ్మతో చెప్పి మరీ వచ్చింది.

వాన పడుతోంది. ట్రెయిలర్లో ఇద్దరం మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. ఒంటిగంటకు మా కిందనుంచి దెబ్బలు వినిపించాయి. ఆమె అలాగే తిరిగి తట్టింది. వెంటనే జవాబొచ్చింది.

“నాన్న,” అంది. “గోడౌనులోంచి నన్ను భోజనానికి ఇలాగే పిలిచేవారు. ఏడాదిగా ప్రతి షీటూ తట్టి వింటున్నాను.”

నాకు భయమేసింది. దానికి మించి జాలేసింది. “ఇది మీదే. తీసుకెళ్ళండి,” అన్నాను.

“జిగురు పట్టేసింది. తీస్తే ముక్కలవుతుంది.”

“అయితే ఇక్కడే ఉంటుంది. మీరన్నట్టే కారు దీన్ని లాగలేకపోయింది, వీధి చివరి ఎత్తు కూడా ఎక్కలేదు. ప్రయాణం మానుకుంటాను. రోజూ వచ్చి కూర్చోండి.” “నాతో రమ్మని అడగాలనుకున్నాను. షీటు మందం తెలుసుకోవడానికి ఎవరూ ఆరుసార్లు షాపుకి రారండీ. మీరంటే ఇష్టం.”

ఆమె నేలకు వంగింది.

“నాన్నా, ఈయనతో వెళ్ళనా?”

చప్పుడు లేదు. మళ్ళీ అడిగింది. తట్టింది. వాన వెలిసేదాకా చెవి ఆనించే ఉంది.

“నేను భోజనానికి వెళ్ళేదాకా తడుతూనే ఉండేవారు,” అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. “వెళ్ళాక ఆపేసేవారు. ఇప్పుడూ నేను వచ్చాననే ఆపేశారు.”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు.

“ముక్కలైనా పర్లేదు, ఇది తీసేయండి. పన్నెండు వేద్దాం.”

“మరి, ప్రయాణం?”

“ఇక అడగాల్సింది అమ్మనొక్కదాన్నే,” అంది.