మిక్సీ పుస్తకం చివరి పేజీ

"నీ చేత్తో టైపు చేసిన పుస్తకం కాదా ఇది? మరి హెచ్చరిక ఏ గాలికి కొట్టుకుపోయింది?" అంటోంది అత్తగారు.

"నేను పెట్టాను. ఎవరో తీశారు," అంది పెద్ద కోడలు. పొద్దున్నుంచీ ఆమె చెబుతున్నది ఈ ఒక్క మాటే.

"ఎవరోనట! ఇంట్లో దయ్యాలు తిరుగుతున్నాయా?"

డిటెక్టివ్, ఆమెకు సాయంగా వచ్చిన అక్క కూతురు గుమ్మంలో నిలబడ్డా ఎవరూ గొంతు తగ్గించలేదు. పెద్ద కొడుకు మాత్రం భార్య వైపు చూడకుండా గోళ్లు గిల్లుకుంటున్నాడు.

ఇంట్లో వాడే యంత్రాలకు వాడకం పుస్తకాలు తయారుచేసి అచ్చుకివ్వడం ఆ కుటుంబం వ్యాపారం. టైపు, కూర్పు అంతా పెద్ద కోడలిదే. ప్రతి పుస్తకం చివర 'కూర్పు' అని ఆమె పేరు, దాని కింద హెచ్చరిక, అట్టడుగున 'ముద్రణ' అని ప్రెస్సు పేరు ఉంటాయి. కొత్తగా అచ్చయిన ఆవిరి ఇస్త్రీ యంత్రం పుస్తకంలో, వేడి మీద మూత తీయొద్దన్న హెచ్చరిక లేదు. అది చూసి మూత తెరిచిన లాండ్రీ మనిషి చెయ్యి కాలింది.

"ఇస్త్రీ యంత్రం కంపెనీవాళ్లు తప్పెవరిదో తేల్చమన్నారు," అన్నారు మామగారు. "కబురు తెలిసిన వెంటనే కంప్యూటర్ గదికి తాళం వేశాను. ఒక్క ఫైలూ ఎవరూ తెరవలేదు. ఈవిడ తప్పని తేలితే ఇక ఆ గది గడప తొక్కనివ్వను."

"తేలేదేముంది?" అన్నాడు చిన్న కొడుకు. "వదిన కడుపుమంటతో చేసిన పని. దొరక్కుండా అన్ని పుస్తకాల్లోంచీ తన పేరు కూడా పీకేసుకుంది."

"అన్నిట్లోంచీనా?" అని అడిగింది డిటెక్టివ్.

"అన్నిట్లోంచీ."

డిటెక్టివ్ తాళం తీయించి ఫైళ్లన్నీ చూసింది. ఏ పుస్తకంలోనూ పేరు లేదు, హెచ్చరికా లేదు. మిక్సీ పుస్తకంలో మాత్రం రెండూ ఉన్నాయి.

"ఇదెలా మిగిలింది పిన్నీ?"

"అడుగున చూడు. ఏ మాట లేదు?"

అక్క కూతురు చూసింది. 'ముద్రణ' లేదు. ఆమె ముఖం వెలిగింది.

అందరినీ కూర్చోబెట్టి డిటెక్టివ్ చెప్పింది.

"చేత్తో తీసేవాళ్లు మిక్సీ పుస్తకాన్ని వదలరు. ఇది ఫైళ్లు తెరవకుండా ఒక్క ఆజ్ఞతో చేసిన పని. 'కూర్పు' దగ్గర్నుంచి 'ముద్రణ' దాకా వెతుకు, దాని బదులు 'ముద్రణ' ఒక్కటే పెట్టు అన్నారు. మధ్యలో నక్షత్రం గుర్తు పెట్టారు. అక్కడ ఏమున్నా సరే అని దానర్థం. పేరొక్కటే ఉంటుందనుకున్నారు. హెచ్చరిక కూడా ఉంది. ప్రెస్సు ఇంకా ఖాయం కాని మిక్సీ పుస్తకంలో 'ముద్రణ' అన్న మాట లేదు కాబట్టి కంప్యూటర్ దాని జోలికి పోలేదు." ఆమె చిన్న కొడుకు వైపు తిరిగింది. "అచ్చయి బయటికొచ్చింది ఒక్క పుస్తకం. తక్కినవి తాళం వెనక ఉన్నాయి. అన్నిట్లోంచీ పేరు పోయిందని నీకెలా తెలుసు బాబూ?"

అతను తల్లి వైపు చూశాడు. ఆమె మొహం తిప్పుకుంది.

"పేరొక్కటే తీద్దామనుకున్నాను," అని అరిచాడు. "ఇవన్నీ నేనే చేస్తానని కంపెనీలో చెప్పాను. ఉద్యోగం ఇస్తామన్నారు. వదిన పేరు కనిపిస్తే నవ్విపోరూ?"

"మనిషి చెయ్యి కాల్చావు కదరా," అన్నారు మామగారు. తర్వాత కోడలితో, "పోనీలేమ్మా. ఇంటి విషయం. పొద్దున్నే వచ్చి నీ కుర్చీలో నువ్వు కూర్చో," అన్నారు.

పెద్ద కోడలు కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. హెచ్చరికను మళ్లీ టైపు చేసి, కాగితం మీద అచ్చు తీసి మామగారి చేతిలో పెట్టింది.

"ఇది కంపెనీకి పంపండి. రేపట్నుంచి నేనిక్కడ టైపు చెయ్యను. బయట గది చూసుకుని నా పని నేను పెట్టుకుంటాను." ఆమె గొంతు పెరగలేదు. భర్త మొదటిసారి తలెత్తాడు. "నాతో ఎవరు వస్తారో వాళ్లిష్టం. మిక్సీ పుస్తకం ఒక్కటి మాత్రం ఇవ్వండి. పని అడగడానికి వెళ్తే చూపించాలిగా. నా పేరున్నది అదొక్కటే."