డబ్బా పక్కన సీసా

"రేపు సాయంత్రం అయిదు దాటితే ఇంజనీరు బతకడు," అన్నారు కల్నల్ కుబెల్కోవా, కాఫీలో పంచదార కలుపుకుంటూ. "అంతలోపల నువ్వేం చేస్తావో చెయ్."

ఏజెంట్ హాంప్ల్ కుర్చీలో కూర్చోబోతూ ఆగిపోయాడు.

ఇంజనీరు అంటే రెండేళ్ళ కిందట శత్రుదేశపు క్షిపణి కర్మాగారం నుంచి రహస్యాలతో సహా పారిపోయి ప్రాగ్ చేరిన మనిషి. అతన్ని దాచింది హాంప్లే. 'ఇక్కడ నీ మీద ఈగ కూడా వాలనివ్వను' అని మాటిచ్చిందీ హాంప్లే. ప్రతి ఆదివారం ఇద్దరూ చదరంగం ఆడతారు. ప్రతి ఆదివారం హాంప్ల్ ఓడిపోతాడు.

"అడ్రస్ బయటపడిందా మేడమ్? ఇల్లు మార్చేద్దాం."

"ఇల్లు మార్చొచ్చు. ముఖం ఎన్నిసార్లు మారుస్తావ్? లైప్‌జిగ్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు కంప్యూటర్లోంచి అతని కొత్త ముఖం ఫోటో శత్రువుల ముఠా కొట్టేసింది. అది ఒక మైక్రోకార్డు మీదుంది. ఆ ఊరి యూనివర్సిటీ నుంచి రేపు ముగ్గురు స్టూడెంట్లు వీకెండ్‌కి ఇక్కడికొస్తున్నారు. వాళ్ళలో ఒకరి దగ్గరుంది కార్డు. అయిదింటికి ముఠా మనిషికి చేరుతుంది."

"ఎవరి దగ్గర?"

"వీబ్కె అనే పిల్ల దగ్గర. మన ఇన్ఫార్మర్ చెప్పింది. ఆ ఇన్ఫార్మరూ ఆ ముగ్గురిలోదే. పేరు కొరీనా. మిగతా ఇద్దరిలాగే ఆ దేశపు పిల్లే, హానోవర్‌లో పుట్టి పెరిగింది. ఏడాదిగా మనకి పనిచేస్తోంది."

"రైలు దిగగానే పట్టేసుకుంటే?"

"అప్పుడు కార్డు తీసుకోడానికి వచ్చేవాడు జారిపోతాడు. నాకు ఇద్దరూ కావాలి. నువ్వు టూర్ గైడువి. మీసం పెట్టుకో."

హాంప్ల్‌కు మీసమంటే పడదు. పైగా తాను స్వయంగా చూడని ఇన్ఫార్మర్ అంటే అసలు పడదు.

శనివారం ఉదయం పదింటికి రైల్వే స్టేషన్ ముందు ఎర్ర గొడుగు ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు. గొడుగు పిడిలో కెమెరా, చెవిలో కల్నల్ గొంతు. ముగ్గురూ వచ్చారు. టోర్బెన్ చెట్టంత పొడుగు. వీబ్కె బండెడు రక్‌సాక్ కింద వంగిపోయి ఉంది. వాళ్ళ వెనుక, ఎండకు ఆకుపచ్చ స్కార్ఫ్ మెరుస్తుండగా, దారినపోయేవాళ్ళు తల తిప్పి చూసేంత అందగత్తె.

"ప్రాగ్‌లో పావురాలు ఎక్కువే," అంది ఆ అందగత్తె.

"మా పావురాలు లావు కూడా," అన్నాడు హాంప్ల్. కోడ్ సరిపోయింది. కొరీనా కళ్ళతోనే వీబ్కెను చూపించింది.

అనుమానించడానికి హాంప్ల్‌కు ఎక్కువసేపు పట్టలేదు. వీబ్కె రక్‌సాక్ నిండా ఇంటి నుంచి మోసుకొచ్చిన ఆపిల్ సోడా సీసాలు! ప్రాగ్‌కు వచ్చి బీరు వైపు చూడకుండా సోడా తాగే స్టూడెంట్‌ను అతను ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో చూడలేదు. ఆ ఒక్క నేరానికే అరెస్టు చేయవచ్చు.

స్టేషన్ ముందే ముగ్గురూ తలా ఒక సీసా ఖాళీ చేశారు. కొరీనా తన సీసాను దూరం నుంచే చెత్తడబ్బాలోకి గురిచూసి విసిరింది.

"మహారాణీ గారు!" అని, తన ఖాళీ సీసాను సంచిలో వేసుకుంటూ, వంగి దండం పెట్టాడు టోర్బెన్. ఆ అందానికి ఆ మాట తగినదేనని హాంప్ల్ పట్టించుకోలేదు.

అతని చూపంతా వీబ్కె మీదే ఉంది. ఆమె సీసాకు మూత బిగించి, అటూ ఇటూ చూసి, డబ్బాలో వెయ్యకుండా డబ్బా పక్కన నేలమీద నిలబెట్టింది. పడిపోతుందేమోనని ఒకసారి సర్దింది కూడా.

"మేడమ్," అని గొణిగాడు హాంప్ల్. "మొదటి సిగ్నల్."

పార్కులో రెండోది. కోట మెట్ల దగ్గర మూడోది. ప్రతిసారీ అదే తంతు. మూత బిగించడం, పక్కన నిలబెట్టడం, సర్దడం. ప్రతిసారీ హాంప్ల్ వెనకబడి, షూ లేసు కట్టుకునే నెపంతో సీసాను తీసి లోపలా బయటా వెతికాడు. ఏమీ లేదు. లేసు కట్టీ కట్టీ నడుం పట్టేసింది. కథలు చెప్పడంలో మనసు లేక ఒక రాజుగారిని రెండుసార్లు చంపాడు కూడా.

"గైడ్ గారూ, ఆయన ఇందాకే చచ్చిపోయాడుగా?" అన్నాడు టోర్బెన్.

"మా రాజులు గట్టివాళ్ళు," అన్నాడు హాంప్ల్.

నాలుగూ నలభైకి నది ఒడ్డుకు చేరారు. ఐస్‌క్రీమ్ తెస్తానంటూ కొరీనా మెట్ల వైపు వెళ్ళింది. వెళ్తూ హాంప్ల్ చెవిలో, "ఇక్కడే ఇస్తుంది. తన మీంచి కన్ను తియ్యకండి," అంది.

వీబ్కె నాలుగో సీసాను డబ్బా పక్కన నిలబెట్టింది. అయిదుకు పది నిమిషాలు. ఎవరూ రాలేదు. ఒక కుక్క వచ్చింది, వాసన చూసింది, వెళ్ళిపోయింది.

"పట్టుకో," అంది చెవిలో గొంతు. "ఇక ఆగలేం."

హాంప్ల్ ఆ పిల్ల ముఖం చూశాడు. ఎండకు కందిన ముక్కు. కాలికి బొబ్బ లేచినట్టుంది, చెప్పు విప్పి ఊదుకుంటోంది. గూఢచారులు బొబ్బల మీద ఊదుకోరని కాదు. కానీ ఇంత శ్రద్ధగా ఊదుకోరు. అతనికి భయం వేసింది. తప్పు మనిషిని పట్టుకుంటే అసలు మనిషి నవ్వుకుంటూ పోతుంది, ఇంజనీరు చచ్చిపోతాడు. ఉద్యోగంలో నేర్చుకున్నదంతా పక్కనపెట్టి నేరుగా అడిగేశాడు.

"అమ్మాయ్, పొద్దున్నుంచీ చూస్తున్నా. ఆ సీసాలు డబ్బా పక్కన ఎందుకు పెడుతున్నావ్?"

వీబ్కె నాలుక కరుచుకుంది. "అయ్యో, అలవాటండీ! మా దేశంలో ఎక్కడైనా ఖాళీ సీసా కొట్లో తిరిగిచ్చేస్తే చిల్లర వస్తుంది. మనకి ఓపిక లేకపోతే డబ్బా పక్కన పెడతాం. ఏరుకునేవాళ్ళు చెత్తలో చేతులు పెట్టక్కర్లేకుండా."

"అందరూ అంతేనా?"

"చిన్నపిల్లలక్కూడా తెలుసండీ. సీసా డబ్బాలో పడేస్తే మా అమ్మమ్మ వీపు మీద ఒక్కటిచ్చేది."

"ఒక్క మా మహారాణీ గారు తప్ప," అని నవ్వాడు టోర్బెన్. "ఎక్కడైనా సరే డబ్బాలోకే విసురుతుంది. హానోవర్‌లో సీసాలు చెట్లకి కాస్తాయేమో అని ఏడిపిస్తుంటాం."

హాంప్ల్ నవ్వలేదు. హానోవర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. చిన్నపిల్లలకు కూడా తెలిసిన అలవాటు లేని పిల్ల. అయితే కొరీనా గురించిన ఫైలంతా అబద్ధమే. వీబ్కె మీదికి వేలు చూపించింది కూడా ఆమే.

మెట్ల వైపు చూశాడు. కొరీనా చేతిలో ఐస్‌క్రీమ్ లేదు. ఖాళీ సీసా ఉంది. దాన్ని ఈసారి విసరకుండా మెట్ల పక్క డబ్బాలోకి మెల్లగా జారవిడిచింది. నారింజరంగు చొక్కా వేసుకున్న పారిశుద్ధ్య పనివాడొకడు అటే నడుస్తున్నాడు. వాడి బూట్లు తళతళలాడుతున్నాయి.

"మేడమ్, మెట్ల దగ్గరకి అందరినీ పంపండి. మన పావురమే దొంగ!"

మీసం ఊడిపోయినా ఆగకుండా పరుగెత్తాడు. పనివాడి చెయ్యి డబ్బాలోకి దిగింది. సీసాతో పైకి లేచింది. ఎక్కడో గంట అయిదు కొట్టడం మొదలైంది. వాడు మెట్లెక్కబోయాడు. హాంప్ల్ గొడుగు తిరగేసి, వంకీని వాడి చీలమండకు తగిలించి లాగాడు. వాడు బోర్లా పడ్డాడు. సీసా దొర్లుకుంటూ వచ్చి హాంప్ల్ బూటుకు తగిలి ఆగింది. లేబుల్ కింద గోరంత కార్డు.

కొరీనా పారిపోలేదు. చుట్టూ మఫ్టీ పోలీసులు చేరుతుంటే స్కార్ఫ్ సర్దుకుంది. "ఎలా కనిపెట్టారు?"

"నీ ఫైల్లో పుట్టిన ఆసుపత్రి ఉంది, చదివిన బడి ఉంది, కుక్క పేరు కూడా ఉంది," అన్నాడు హాంప్ల్ రొప్పుతూ. "వీపు మీద ఒక్కటిచ్చే అమ్మమ్మను పెట్టడం మర్చిపోయారు."

ఆదివారం ఇంజనీరు యథాప్రకారం గెలిచాడు. "పది నిమిషాలు లేటుగా వచ్చావ్, పైగా ఆటలో ధ్యాస లేదు. నిన్నంతా ఏం వెలగబెట్టావ్?" అని విసుక్కున్నాడు. ఆ విసుగు వింటూ హాంప్ల్ పావులు మళ్ళీ పేర్చాడు. బతికున్నవాడు తిట్టే తిట్టు ఎంత కమ్మగా ఉంటుందో!

బయటికొచ్చి, వీబ్కె రైలెక్కేముందు తనకిచ్చిన ఆపిల్ సోడా ఆఖరి గుక్కదాకా తాగాడు. మూత బిగించాడు. అటూ ఇటూ చూసి, సీసాను డబ్బా పక్కన నిలబెట్టి, ఒకసారి సర్దాడు.

ఎదురింటి కిటికీలో ఇంజనీరుకు కాపలా ఉన్న కొత్త ఏజెంటు వెంటనే ఫోన్ అందుకున్నాడు.

"కల్నల్ మేడమ్, మన హాంప్ల్ గారి మీద నాకేదో అనుమానంగా ఉంది."