ఏడో పలక

మా కొండ పల్లె ఒనోబారా అగ్నిమాపక దళంలో చేరడానికి ఒక్క సంతకం చాలు. బయటపడాలంటే మాత్రం మన బదులు ఇంకో మనిషిని తెచ్చి నిలబెట్టాలి. తమ్ముడో, బావమరిదో, కొడుకో, ఎవరైనా సరే. అప్పటిదాకా దళం కోటు విప్పడానికి లేదు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు. రాసినదైతే ఎలాగోలా తప్పించుకునేవాళ్ళం.

ఇది జీతం కోసం చేసే పని కాదు. వారమంతా ఎవరి బతుకుతెరువు వాళ్ళది. మా నాయకుడు మకినో సోయా పాలు విరిచి టోఫు చేసి అమ్ముతాడు. బండి నడిపే హిరుకావాకి ఆవులున్నాయి. నేను సహకార సంఘం షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసేవాణ్ణి. నెలలో రెండో ఆదివారం అందరం నీలం కోట్లు తొడుక్కుని, పంపు ఆడించి, గొట్టాలు ఆరేసి, ఆ తర్వాత దళం గదిలో చేరి ఎండు చేపలు కాల్చుకుని బియ్యపు సారా, సాకే, తాగేవాళ్ళం. ఆ గది గోడకి ఏడు దేవదారు పలకలు వేలాడుతుంటాయి, మనిషికొకటి. ఒకవైపు పేరు ఎర్ర సిరాలో, రెండోవైపు నల్ల సిరాలో ఉంటుంది. వచ్చినవాడు తన పలకని నల్లవైపుకి తిప్పుకోవాలి. వెళ్ళేటప్పుడు మళ్ళీ ఎర్రవైపుకి.

పలకలు ఏడు. మనుషులం మాత్రం ఆరుగురమే.

ఏడో పలక ఉగావాది. అన్ని పలకల మీదా కుంచెతో పేర్లు రాసింది ఆయనే. చివరి గీతని కాస్త పైకి విసిరేవాడు. పదేళ్ళపాటు దళం నుంచి తప్పుకోవాలని చూశాడు. కొడుకు పట్నం వదిలి రానన్నాడు. బదులు మనిషి దొరక్కుండానే, రెండేళ్ళ కిందట ఇంటికప్పు మీద మంచు తోస్తూ జారిపడి పోయాడు. ఏడుగురికి తగ్గితే దళాన్ని ఎత్తేసి, బండిని కింది లోయకి తోలుకుపోతారు. అక్కడి నుంచి మా ఊరికి నలభై నిమిషాలు. మావన్నీ కొయ్య ఇళ్ళు, ఉండేదంతా ముసలివాళ్ళు. అందుకే ఉగావా పలకని ఎవరం ముట్టుకోలేదు.

తనిఖీకి వచ్చినవాళ్ళ ముందు ఆయన బదులు పలికేది నేనే. బండి వెనక, వాగు దగ్గర, నీళ్ళు పీల్చే గొట్టం పట్టుకుని నిలబడేవాణ్ణి. ముందున్నవాళ్ళకి కనపడను. మకినో "లెక్క!" అని అరిస్తే, వరసగా అంకెలు వచ్చి నా దగ్గర ఆగేవి. "ఆరు!" అని నా గొంతుతో అనేవాణ్ణి. రెండడుగులు పక్కకి జరిగి, "ఖుహుఁ... ఏడు" అని ఆయన గొంతుతో అనేవాణ్ణి. పలికేముందు గొంతు సవరించుకోవడం ఉగావా అలవాటు. అచ్చు గుద్దినట్టు దించేవాణ్ణి. తనిఖీవాళ్ళు వెళ్ళాక అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

కిందటి అక్టోబరులో మా ఆవిడ సనాయెకి ఆరో నెల. మా ఊరి నుంచి ఆస్పత్రికి గంటన్నర. మొదటి బిడ్డని ఆ దారిలోనే పోగొట్టుకున్నాం. మళ్ళీ ఆ దారిని నమ్మదలచుకోలేదు. సముద్రం ఒడ్డున, ఆస్పత్రి పక్కనే, పడవలు బాగుచేసే షెడ్డులో పని చూసుకున్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మూతపడ్డ బడి ఆటస్థలంలో నేల తొట్టి శుభ్రం చేసే పని పడింది. మంటలార్పడానికి నీళ్ళు నిలవుంచే తొట్టి అది, భూమిలోపల ఇల్లంత ఉంటుంది. ముగ్గురమే వచ్చాం. దాని ఇనప మూతని ఒక్కడు లేపలేడు. నేనొక కొక్కెం, మకినో ఒక కొక్కెం పట్టి జరిపాం.

"పెద్దాయనా, నెలాఖరుకి వెళ్ళిపోతున్నాం," అన్నాను.

"వెళ్ళరా, వద్దన్నానా? నీ బదులు మనిషిని చూశావా?"

"ఊళ్ళో మిగిలినవాళ్ళలో అందరికన్నా కుర్రాడు ఆ అరవై ఏడేళ్ళ దర్జీ. ఆయన్ని తెమ్మంటావా?"

"ఆయన నిచ్చెనెక్కితే, దింపడానికి మనం ఇంకో నిచ్చెన వెయ్యాలి," అన్నాడు హిరుకావా బండిలోంచి.

తొట్టిలోకి ఎప్పుడూ ఇద్దరు దిగాలి. మకినో సుద్దముక్కతో బండికి తగిలించిన బోర్డు మీద రాశాడు: 'లోపల: ఇసోబె, ఉగావా.' ఇసోబె నేను.

"ఇద్దరయ్యారు. ఇంక దిగరా."

నడుముకి తాడు కట్టుకుని నిచ్చెన దిగాను. పైన బండి ఇంజను రొద. దాన్నుంచే ఒక తీగ మీద దీపం, ఒక గొట్టంలోంచి గాలి లోపలికి వచ్చేవి. అడుగున మోకాలి లోతు నల్లటి బురద. కుళ్ళిన ఆకుల వాసన, తుప్పు వాసన. లావుపాటి స్తంభాలు వరసగా ఉన్నాయి, వాటి వెనక దీపం వెలుగు పడదు. తాడు మాటిమాటికీ స్తంభాలకి చుట్టుకుంటోంది. విసుగెత్తి విప్పి, నిచ్చెనకి కట్టేశాను. ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అది రెండోది.

అన్నిటికన్నా పెద్దది ఇది. పైనుంచి మకినో "లెక్క!" అని అరిచాడు.

"ఒకటి!" అన్నాను. అలవాటు కొద్దీ గొంతు మార్చి, "ఖుహుఁ... రెండు!" అని కూడా అన్నాను.

మకినో నవ్వు వినిపించింది. నేనూ నవ్వుకుంటూ బురద తోడి బాల్చీలకెత్తాను. కాసేపటికి మళ్ళీ "లెక్క!"

"ఒకటి!"

నేనింకా గొంతు సవరించుకోలేదు.

"ఖుహుఁ... రెండు."

తొట్టి చివర నుంచి, స్తంభాల వెనక నుంచి వచ్చింది. నా గొంతే గోడకి తగిలి తిరిగొచ్చిందని సర్దిచెప్పుకున్నాను. కానీ నేను ఆ మాట అననేలేదు. పార పట్టుకుని మెల్లగా ఆ చివరికి నడిచాను. ఎవరూ లేరు. గోడ తడిగా ఉంది, అంతే.

అప్పుడే ఊరి సైరన్ మోగింది.

పైన పరుగులు... మకినో కేక. ఇంజను రొదలో మాటలు సరిగా వినపడలేదు. "మంట... పైకి రండి... లెక్క!" నేను నోరు తెరిచేలోపు నిచ్చెన దగ్గర ఎవరో "ఒకటి!" అన్నారు. నా గొంతుతో. వెంటనే "ఖుహుఁ... రెండు."

నిచ్చెన కిర్రుమంది. ఎవరో ఎక్కుతున్నారు.

"పెద్దాయనా! నేనిక్కడున్నా!"

దీపం పైకి వెళ్ళిపోయింది. బురదలో కాళ్ళీడ్చుకుంటూ పరిగెత్తాను. స్తంభానికి గుద్దుకుని పడ్డాను. లేచేసరికి తల పైన ఇనుముకి ఇనుము రాసుకున్న చప్పుడు. వెలుగు సన్నటి గీతయింది. తర్వాత అదీ లేదు. బండి వెళ్ళిపోయింది.

చీకటి. నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. నిచ్చెనెక్కి మూతని భుజంతో తోశాను. కదల్లేదు. అరిచాను. ఆదివారం, మూతపడ్డ బడి... ఎవరికి వినపడుతుంది?

అప్పుడు నీళ్ళ చప్పుడు మొదలైంది. వాగు నీళ్ళు తొట్టిలోకి వచ్చే తూము తెరిచి వెళ్ళారు. ఊళ్ళో మంట లేస్తే తొట్టి ఖాళీగా ఉండకూడదు, అది మా పద్ధతి. ఇంకొకరెవరైనా అదే చేసేవాళ్ళు, నేనూ అదే చేసేవాణ్ణి.

పై మెట్టు మీద మూతకి తల ఆనించి కూర్చున్నాను. మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది. మంచు నీళ్ళు. సనాయె ఇంట్లో పెట్టెలు సర్దుతూ ఉంటుంది. బిడ్డ పుట్టేనాటికి నేనుండను. ఆ ఒక్క ఆలోచనే తిరుగుతోంది. ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. కింది మెట్టు నుంచి కాదు, నీళ్ళ లోపల నుంచి కాదు, నా చెవి పక్క నుంచే...

"ఖుహుఁ."

కదల్లేదు నేను.

"నా బదులు... మనిషిని చూశావా?"

గుసగుస. అలిసిపోయిన గొంతు. కోపం లేదు అందులో. అదే భరించలేకపోయాను.

"చూస్తా... చూస్తాను."

"పదేళ్ళు ఇదే మాట విన్నా. చచ్చాక కూడా నువ్వు నన్ను పలికిస్తూనే ఉన్నావు. ఎవరిని తెస్తావు?"

నీళ్ళు గడ్డానికి తగిలాయి.

"నావాళ్ళలో ఒకరిని! నీ బదులు నావాళ్ళలో ఒకరిని ఇస్తా. ఒట్టు. వదిలెయ్!"

ఇంకేమీ వినిపించలేదు. నీళ్ళు పెదాల దగ్గర ఆగాయి... ఆగాయో, నాకలా అనిపించిందో. తల మీద ఇనుము కదిలింది. వెలుగు.

నన్ను పైకి లాగింది మకినో, హిరుకావా. ఇద్దరి ముఖాల్లోనూ రక్తం లేదు. కుసుమోటో అవ్వ పొలంలో గడ్డి కాలుస్తుంటే రాజుకుందట, గంటలో ఆర్పేశారు. తర్వాత లెక్క పిలిస్తే బండి వెనక నుంచి "మూడు" అని నేను పలికానట. మకినో మెచ్చుకుందామని వెనక్కి వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. తడి బూటు గుర్తులున్నాయి.

"మూత వేసేటప్పుడు..." మకినో ఆ కొక్కెం వైపు చూశాడు. "రెండో కొక్కెం పట్టింది నువ్వే అనుకున్నానురా. కంగారులో మొహం చూళ్ళేదు."

నెలాఖరున నేను వెళ్ళిపోతానంటే ఆయన అడ్డు చెప్పలేదు. బదులు మనిషి మాటే ఎత్తలేదు. "నీ పలక ఉండనీరా, లెక్క కోసం. ఏదో చూసుకుంటాం," అన్నాడు. లోపల చెప్పిన ఒట్టు గురించి నేను ఎవరికీ చెప్పలేదు. భయంలో ఎన్నో అంటాం.

ఫిబ్రవరిలో పాప పుట్టింది. కాన్పు సులువుగా అయింది, ఆస్పత్రి వీధి చివరే. మూడో రోజు, ఆదివారం పొద్దున, నేనూ సనాయె కలిసి పేరు ఖాయం చేసుకున్నాం. మినాగి. ఇంకా ఎవరికీ చెప్పలేదు. సంతోషంతో నడవాలోకి వచ్చి టీ తాగుతుంటే మకినో ఫోను.

"ఇసోబె, మమ్మల్ని ఏడిపించడానికి ఇంత దూరం వచ్చి వెళ్ళావా? ఒక మాట చెబితే సాకే తెచ్చేవాళ్ళంగా."

"నేనెక్కడికీ రాలేదు పెద్దాయనా. ఏమైంది?"

అవతల ఆయన గది తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"ఉగావా పలక లేదురా. పొద్దున తలుపు తీసేసరికి దాని మేకుకి కొత్త పలక వేలాడుతోంది. కుంచె రాత. చివరి గీత పైకి విసిరినట్టుంది... ఆయన చేతిరాత నాకు తెలియదా. పేరు ఇసోబె మినాగి. ఎవర్రా అది?"

టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టేశాను.

"ఇంకోటి. అది నల్లవైపుకి తిప్పి ఉంది. వచ్చినట్టు."

ఫోను అలాగే వదిలేసి గదిలోకి పరిగెత్తాను. సనాయె నిద్రపోతోంది. పాప కూడా, బుగ్గలెర్రగా, హాయిగా నిద్రపోతోంది. ఉందిలే, ఇక్కడే ఉందిలే అనుకుంటూ దుప్పటి సర్దబోయాను. కాళ్ళ దగ్గర దుప్పటి తడిగా తగిలింది. తీసి చూశాను.

మూడు రోజుల పిల్ల. ఇంకా నేల తాకని పాదాలు.

ఆ చిట్టి వేళ్ళ సందుల్లో నల్లటి బురద. కుళ్ళిన ఆకుల వాసన.