టక్కున వచ్చిన జవాబు

మొదటి జవాబుకి షెల్టర్ తలుపు మీద ఎర్రదీపం వెలిగినప్పుడు శేషుకుమారి నవ్వింది. ఇంకెవరి పిల్లయినా అయితే కంగారుపడేదే గానీ, బయట నిలబడ్డది తన కూతురు ఇందీవర. బందరు మొత్తమ్మీద ఆ పిల్లకి రాని పొడుగాటి ఇంగ్లీషు మాట లేదు.

"గాలి హోరుకి మిషన్‌కి సరిగ్గా వినబడి ఉండదండీ," అంది పక్కనున్న డాక్టర్ దైవసహాయంతో. ఆ తాళాన్ని కనిపెట్టిన సైంటిస్టు ఆయనే. ఆయన మాత్రం నవ్వలేదు.

ఆ తాళం సంగతి కాస్త చెప్పాలి. మనిషి మొహాన్నీ గొంతునీ వేలిముద్రనీ అచ్చుగుద్దినట్టు దించే రోబోలు వచ్చాక, దొంగలు వాటిని జనం మీదికి వదలడం మొదలుపెట్టారు. జనం వాటికి నకిలీలని పేరు పెట్టారు. కిందటి తుఫానులో ఒక నకిలీ, ఎవరి కొడుకు గొంతుతోనో ఏడుస్తూ షెల్టర్ తలుపు తట్టింది. లోపలివాళ్లు జాలిపడి తెరిచారు. అది ఒంటిమీది బంగారంతో సహా ఊడ్చుకుని, తలుపు బార్లా తెరిచిపెట్టి పోయింది. దాని వెనకాలే సముద్రం వచ్చింది.

అందుకే ఈ కొత్త షెల్టర్ తలుపుకి లోపల్నుంచి తెరిచే మీటే పెట్టలేదు. బయటి మనిషికి స్పీకర్ అయిదు ఇంగ్లీషు అక్షరాలు చెబుతుంది. ఆ అయిదూ ఉన్న మాట ఒకటి, పది అక్షరాలకి తగ్గకుండా చెప్పాలి. ఇంగ్లీషు రానివాళ్లకి పొడుపుకథలున్నాయి. మూడు అవకాశాలూ పోతే, తుఫాను తీరం దాటేదాకా తలుపు కదలదు.

ఈ కబురు తెలియగానే ఇంకో ఊరివాళ్లయితే ఏం చేసేవారో గానీ, బందరులో కోచింగ్ పెట్టారు. పెట్టింది శేషుకుమారే. పిల్లలు పళ్లయినా తోముకోకముందే వరసగా కూర్చోబెట్టి బట్టీ పట్టించేది. స్కేలుతో బల్ల మీద కొట్టి అక్షరాలు చెబితే, అవతలివాళ్లు రెప్పవేసేలోగా మాట వచ్చి తీరాలి. ఆలోచించిన వాళ్లకి మొట్టికాయ. పన్నెండేళ్ల ఇందీవరకి మొట్టికాయ పడి ఎన్నాళ్లయిందో తల్లికే గుర్తులేదు. ఆ పిల్ల గుడివాడలో ఏదో పోటీకి వెళ్లింది. బస్సు ఆలస్యమై, ఊరంతా షెల్టర్లో చేరాక ఒక్కతే వచ్చి వానలో నిలబడింది.

స్పీకర్ రెండోసారి అడిగింది. "క్యూ, సి, ఎన్, ఎస్, ఎల్."

"ఇన్‌కాన్సిక్వెన్షియల్," అంది ఇందీవర, ఊపిరైనా తీసుకోకుండా.

మళ్లీ ఎర్రదీపం.

లోపలి జనం లేచి నిలబడ్డారు. "నకిలీయే," అన్నారెవరో. "తల్లి ఇక్కడుందని తెలిసే పిల్ల గొంతుతో వచ్చింది."

శేషుకుమారి డాక్టర్ వైపు తిరిగింది. "మాట రైటే కదండీ," అంది.

డాక్టర్ ఆమెని పక్కకి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "రైటే టీచర్ గారూ. కానీ తాళం చూసేది మాటని కాదు, వెతకడాన్ని. మనిషికి పెద్ద మాట వెంటనే దొరకదు. తడుముకుంటాడు, ఒకటి అనబోయి మింగుతాడు, గొంతు ఆగుతుంది. నకిలీకి ఆ ఇబ్బంది లేదు, టక్కున చెప్పేస్తుంది. ఈ రహస్యం పొక్కితే అవీ నేర్చుకుంటాయని ఎవరికీ చెప్పలేదు."

"అయితే తడబడమని చెప్తాను."

"నటిస్తే పట్టేస్తుంది. నిజంగానే దొరక్కుండా పోవాలి."

"దానికి దొరకని మాట లేదండీ," అంది శేషుకుమారి. ఊళ్లో ఎంతమంది దగ్గరో గొప్పగా చెప్పుకున్న మాటే అది. ఇప్పుడు అంటుంటే ఏడుపొచ్చింది.

ఆ ఏడుపులోనే ఇంకో భయం పుట్టింది. నిజంగా అది నకిలీయే అయితే? తన కూతుర్ని తనే అనుమానించినందుకు చెంపలు వేసుకుంది.

మైకులోంచి పిల్ల గొంతు వినబడింది. "అమ్మా, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. నేను కరెక్టుగానే చెప్పాను కదా?"

పుట్టి ఇన్నేళ్లలో ఇందీవర ఒక్కసారే నోరు పెగలక నిలబడిపోయింది. అయిదేళ్లప్పుడు కోనేరు సెంటర్లో తప్పిపోతే, పోలీసు అడిగినా తన పేరు చెప్పలేకపోయింది. అమ్మ వదిలేసి పోయిందనుకుందట. శేషుకుమారికి అది గుర్తొచ్చింది. వెళ్లి మైకు బటన్ నొక్కింది.

"ఎవరే నువ్వు?"

"నేనమ్మా, ఇందూని."

"ఇందూ నా పక్కనే ఉంది. నువ్వెవరో నాకు తెలీదు."

"అమ్మా..."

"అమ్మా అని పిలవకు. పో ఇక్కణ్ణించి."

బటన్ వదిలేసి నోట్లో చీరచెంగు కుక్కుకుంది.

"డి, ఎన్, జి, ఆర్, ఎస్," అంది స్పీకర్.

బయట నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపటికి వెక్కుతూ గొంతు వచ్చింది. "గ్రౌండ్స్... కాదు, అది చిన్నది... డి... తర్వాతేంటి... నాకు రావట్లేదమ్మా... స్టాండ్... అండర్... అండర్‌స్టాండింగ్."

పచ్చదీపం వెలిగింది.

మోకాళ్లెత్తు నీళ్లతో పాటు పిల్ల లోపలికి వచ్చి పడింది, వెనక తలుపు దానంతటదే మూసుకుంది. శేషుకుమారి చేతులు చాచి పరిగెత్తింది. ఇందీవర వెనక్కి జరిగి డాక్టర్ చొక్కా పట్టుకుంది.

"అంకుల్, లోపలున్న వాళ్లని కూడా అడుగుతారా అక్షరాలు?"

"ఎందుకమ్మా?"

"మా అమ్మయితే నన్ను అలా అనదు."

శేషుకుమారి చాచిన చేతులు దించుకుంది. తలుపు తెరుచుకుంటున్నంతసేపూ పిల్లకి ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకుంటూనే ఉంది. ఇప్పుడు అదంతా చెప్పింది. తాళం ఎలా పనిచేస్తుందో, తనెందుకు అలా అనాల్సి వచ్చిందో, కోనేరు సెంటర్ సంగతి ఎలా గుర్తొచ్చిందో వరసగా, క్లాసులో పాఠం చెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా చెప్పింది.

ఇందీవర ప్రతి మాటా శ్రద్ధగా విన్నది. విని, డాక్టర్ చొక్కాని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఒక్కసారి కూడా తడబడలేదంకుల్," అంది మెల్లిగా.

శేషుకుమారి చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే చాపలు తీసుకుని, అవతలి గోడవైపు వెళ్లి కూర్చున్నారు.