అనుమానపు వాలుగ

పూర్వం మందవేణి అనే ఏటి ఒడ్డున శిలాపురం అనే రాజ్యం ఉండేది. దాన్ని కీర్తిధరుడనే రాజు పాలించేవాడు. ఒకప్పుడు ఆయన ఎంత మంచివాడంటే, ఊళ్లో ఎవరింట పెళ్లయినా వెళ్లి బంతిలో కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని వంటవాళ్లను ఆట పట్టించేవాడు. అలాంటి రాజుకు ఒక వేసవిలో ఉన్నట్టుండి అనుమానం పట్టుకుంది. మొదట వంటవాడి మీద, తరువాత వంటవాడిని కనిపెట్టి చూడడానికి పెట్టిన మనిషి మీద, ఆ పైన ఏకంగా రాణిగారి మీద. ఒకనాడు అద్దంలో చూసుకుని, "వీడెవడు, నన్నిలా గుచ్చి గుచ్చి చూస్తున్నాడు?" అని అద్దాన్నే పగలగొట్టించాడు.

ఈ జబ్బు రాజుగారి ఒక్కరికే అయితే పోనీలే అనుకోవచ్చు. ఊరు ఊరంతా అలాగే తయారైంది. పాలవాడు తన గేదె పాలు దాచుకుంటోందని దానితో మాటలు మానేశాడు. పెళ్లిపీటల మీద తెర తీయగానే ఒక వరుడు "ఈ పిల్ల ఆ పిల్ల కాదు" అని లేచిపోయాడు. ఆ పిల్ల కూడా ఊరుకోలేదు, "వీడూ వాడు కాడు" అంది.

రాజుగారి పడవ నడిపేవాడి పేరు సోములు. ఒకరోజు రాజు ఏరు దాటుతుండగా గాలి విసురుకు పడవ కాస్త ఊగింది. "నన్ను ముంచాలనే ఊపావు!" అంటూ రాజు ఆ క్షణమే సోములును చెరసాలలో వేయించాడు. ఏరువాక పున్నమి నాడు రేవులోనే అతని తల తీయించాలని తీర్పు చెప్పాడు.

సోములు కూతురు పైడమ్మ. తల్లి లేని ఆ పిల్లకు తండ్రే లోకం. చెరసాల కిటికీ దగ్గరకు పరుగున వెళ్లి ఊచలు పట్టుకుంది. తండ్రిని చూడగానే, ఎక్కడి నుంచి వచ్చిందో, ఆమెకు ఒక పాడు ఆలోచన వచ్చింది. నిజంగానే అయ్య పడవ ఊపాడేమో!

సోములు ఆ చూపును పసిగట్టాడు. "నువ్వు కూడా అలా సూడకే, అమ్మీ. మిగిలినోళ్లు సూసినా ఓర్సుకున్నాను," అన్నాడు.

పైడమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఏడుస్తూ రేవుకు వచ్చి కూర్చుంది. తండ్రినే అనుమానించేటంత బుద్ధి తనకు ఎలా వచ్చింది? కొండ మీద ఊట నీళ్లు తాగే గొర్రెలకాపరులు ఎప్పటిలాగే ఉన్నారు. ఏటి నీళ్లు తాగేవాళ్లే ఇలా అయ్యారు. అంటే విషమేదో ఎగువ నుంచే వస్తోంది! దాని అంతు తేలిస్తే తప్ప తండ్రి తల దక్కదు.

ఆమె తన తాటి దోనెను నీళ్లలోకి తోసింది. తాటి మానును తొలిచి చేసిన ఆ దోనెలో ఒక్క మనిషికే చోటు. కాళ్లు చాపుకుని కూర్చుని తెడ్డు వేయాలి. ఒళ్లు కాస్త అటూ ఇటూ అయితే బోల్తా పడుతుంది. వెదురు గెడ, గాలం తాడు, అంకుడు కర్రతో చేసి లక్కరంగు పూసిన ఎరచేప, దారిలోకి ఇంత చద్దిమూట వెంట పెట్టుకుని ఏటికి ఎదురుగా తెడ్డు వేస్తూ బయలుదేరింది. దోనె మీద కూడా అనుమానమే. అడుగున చిల్లి పడిందేమోనని మాటిమాటికీ తడిమి చూసుకుంది.

కొన్నాళ్లకు ఏటి మధ్య ఒక లంక కనిపించింది. అక్కడ నేరేడు చెట్టు కింద ఒక ముని కూర్చుని పళ్లు తింటున్నాడు. నాలుక నీలంగా ఉంది.

"రా తల్లీ. నీ కోసమే చూస్తున్నాను," అన్నాడు.

"నానొస్తానని నీకెలా తెలుసు? ఏట్లో విషం కలిపినోడివి నువ్వేనేటి?" అంది పైడమ్మ, తెడ్డు చేతిలోంచి వదలకుండా.

ముని కోప్పడలేదు. "నువ్వూ ఏటి నీళ్లే తాగావు కదా, అలాగే అంటావు. విను. ధూమకుడనే మాంత్రికుడు మీ రాజు దగ్గర మంత్రి పదవి అడిగి లేదనిపించుకున్నాడు. ఆ కసితో అనుమానాన్నంతా ఒక నల్లపూసలో బంధించి ఏట్లోకి విసిరాడు. ఏనుగు మడుగులో ఉండే పెద్ద వాలుగ చేప దాన్ని మింగబోయింది. పూస గొంతులో ఇరుక్కుంది. అది వదిలే ఊపిరితో ఏరంతా చెడిపోయింది. చేపను చంపావో, పూస లోపలే చితికి ఏరు ఎన్నటికీ బాగుపడదు. బతికున్న చేప గొంతులోంచి పూసను చేత్తో తీసి ఎండలో కాలే ఇసుక మీద పడేస్తే అదే పగిలిపోతుంది. ఆ తరువాత ఆ నీళ్లు తాగినవాళ్లకు జబ్బు తగ్గుతుంది."

"ఇంత తెలిసినోడివి, నువ్వే ఎందుకు తియ్యలేదు?"

"నాకు ఈత రాదు," అన్నాడు ముని సిగ్గుపడుతూ.

పైడమ్మ ఆ మాట నమ్మలేదు. ముని ఇచ్చిన నేరేడు పళ్లను ఒక్కొక్కటీ చిదిమి చూసి నీళ్లలో పారేసింది. మీరైతే తినేవారే!

ఎగువన ఏరు రెండు కొండల మధ్య ఇరుకుగా పారుతుంది. అక్కడ ఒక రాక్షసి అడ్డంగా నిలబడింది. రాక్షసి అంటే కొండలా ఉంటుందనుకునేరు. ఎముకల గూడులా ఉంది, పాపం. దోనెను ఒంటి చేత్తో ఎత్తి పైడమ్మను వాసన చూసింది.

"నరమాంసం! నోరూరుతోంది. కానీ నిన్ను ఎవరు పంపారు? నీ ఒంట్లో విషం పెట్టి పంపారేమో! ఈ అనుమానంతోనే పోయిన ఏడాది నుంచి ఒక్కణ్నీ తినలేదు," అని నిట్టూర్చింది.

 పైడమ్మ తొణకకుండా నవ్వు మొహం పెట్టింది. "నీకేటి అనుమానం అక్కర్లేదు, అక్కా. ఓ ముని నన్ను మరీ మరీ ఈ దారినే ఎళ్లమన్నాడు. నాలాంటి రుచి ఇంకెక్కడా దొరకదు. రా, తినెయ్. ఆలస్యం సెయ్యకు."

రాక్షసి కళ్లు చిన్నవి చేసింది. "తినమని బతిమాలుతున్నావా? ఇందులో ఏదో మోసం ఉంది! పో, పో అవతలికి!" అంటూ దోనెను ఇరుకు దాటించి మరీ వదిలింది.

ఏనుగు మడుగు నల్లగా, కదలిక లేకుండా ఉంది. పైడమ్మ ఎరచేపను దూరంగా విసిరి మెల్లగా లాగడం మొదలుపెట్టింది. విసరడం, లాగడం, మళ్లీ విసరడం. చేతులు బొబ్బలెక్కాయి. చద్ది అయిపోయింది. ఒక మధ్యాహ్నం ఎర వెనక నీళ్లలో ఒక నీడ కదిలింది. దోనె కంటే పొడవైన వాలుగ! మీసాలు ఆడిస్తూ, తొందరేమీ లేకుండా, ఎర వెంటే దోనె పక్కదాకా వచ్చింది. పైడమ్మను ఎగాదిగా చూసింది. తోక తిప్పుకుని వెళ్లిపోయింది.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. దగ్గరకు వస్తుంది, చూస్తుంది, పోతుంది. పున్నమి దగ్గర పడుతోంది. పైడమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూనే ఆలోచించింది. ఎర దోనె దాకా వచ్చాక నీళ్లలోంచి తీసి మళ్లీ విసరడం వాళ్ల పేటలో అందరూ చేసే పనే. కానీ తిన్నగా మనిషి దగ్గరికే ఈదుకొచ్చే చేపపిల్లను చూస్తే ఎవరికైనా అనుమానం రాదూ? తానైనా నమ్మదు. అనుమానం ఉన్నవాళ్లకు నమ్మకం కుదరాలంటే ఎదుటిది పారిపోవాలి!

ఈసారి వాలుగ దోనె పక్కకు రాగానే ఆమె ఎరను పైకి తీయలేదు. గెడ కొసను నీళ్లలోకి ముంచి, ఎరను చటుక్కున అవతలికి మళ్లించింది. సున్నా పక్కన సున్నా చుట్టినట్టు తిప్పుతూ, దోనెకు దూరంగా, మళ్లీ దగ్గరగా, మళ్లీ దూరంగా పరుగెత్తించింది. వాలుగ ఆగింది. చూసింది. 'ఇది నన్ను చూసి పారిపోతోంది, అయితే నిజమైన చేపే!' అనుకుని ఒక్కసారిగా నోరు తెరిచి పట్టేసింది.

ఇక చూడాలి! వాలుగ తాడును లాగుతుంటే దోనె మడుగంతా గిరగిరా తిరిగింది. పైడమ్మ కాళ్లు రెండు అంచులకూ తన్నిపెట్టి, ఒళ్లు అటూ ఇటూ ఒరగనివ్వకుండా పట్టు బిగించింది. ఎండ వాలే వేళకు చేప అలిసి దోనె పక్కన తేలింది.

"చంపు. ఎలాగూ చంపుతావు," అంది వాలుగ రొప్పుతూ.

"సంపను. నీ గొంతులో పూస తీసుకుంటాను. నువ్వే నా చెయ్యి కొరికేస్తావు."

"కొరకనంటే నమ్ముతావా?"

"నమ్మను," అంది పైడమ్మ. నిజమే చెప్పింది. ఆ నోట్లో వరసలు వరసలుగా పళ్లున్నాయి. ముని చెప్పింది అబద్ధమేమో, ఇదంతా తన చెయ్యి పోగొట్టే పన్నాగమేమో అనిపించింది. కానీ చెరసాల ఊచల వెనక తండ్రి మొహం కళ్ల ముందుకు వచ్చింది. ఈ అనుమానం మాట వింటే ఆయన్ను చేజేతులా చంపుకున్నట్టే. ఆమె వంగి, చేప పెదవిలోంచి గాలాన్ని ఊడదీసేసింది.

వాలుగ పారిపోవచ్చు. పారిపోలేదు. "ఎందుకు వదిలావు? దీని వెనక ఏముంది?" అంది, కళ్లు తిప్పుతూ.

"నీకు నానంటే భయం, నాకు నువ్వంటే భయం. ఎవరో ఒకరు ముందు భయం ఒగ్గెయ్యాల గదా! చెయ్యెడుతున్నాను. కొరుకుతావో మానుతావో నీ ఇష్టం," అని పైడమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

పళ్లు చర్మానికి తగిలాయి. రక్తం చుక్కలు నీళ్లలో కలిశాయి. వాలుగ ఒళ్లంతా బిగుసుకుంది, కానీ దవడ మాత్రం మూయలేదు. వేళ్లకు గుండ్రంగా, చల్లగా ఏదో తగిలింది. లాగింది. నల్లపూస ఊడి వచ్చింది.

"అమ్మయ్య," అంది వాలుగ. అంతకు మించి మాట్లాడే ఓపిక దానికి లేదు. పైడమ్మ దాన్ని వెల్లకిలా పడకుండా నిలిపి, పొట్ట కింద చెయ్యి వేసి, మొప్పలు మళ్లీ బాగా ఆడేదాకా పట్టుకుంది. కాసేపటికి అది తోక ఆడించి లోతుల్లోకి వెళ్లిపోయింది. మరునాడు కాలే ఇసుక మీద పూస టప్పున పగిలి మసి అయింది. పైడమ్మ దోసిలితో ఏటి నీళ్లు తాగింది. తాగగానే నేరేడు పళ్లు పారేసుకున్నందుకు ఎంత బాధపడిందో!

మంచినీళ్లు ఆమె కంటే ముందే శిలాపురం చేరాయి. పాలవాడు గేదెకు క్షమాపణ చెప్పుకున్నాడు. జనం ఒకరి ఇంటికి ఒకరు పిలవకుండానే వెళ్తున్నారు. కానీ రాజు మాత్రం ఎప్పుడో తాళం వేసి దాచిన కుండల్లోని పాత ఏటి నీళ్లు తప్ప తాగేవాడు కాదు. అందరూ ఒక్కసారిగా నవ్వుతూ కనిపించేసరికి, ఇది తప్పకుండా కుట్రేనని ఇంకా మండిపడ్డాడు. తలారిని కూడా నమ్మక, పున్నమి ఉదయం ఉక్కుకవచం తొడుక్కుని, దగ్గరుండి చూడడానికి తానే రేవుకు వచ్చాడు. సోములును తాళ్లతో కట్టి తల నరికే రాయి పక్కన నిలబెట్టారు.

అప్పుడే దోనె ఒడ్డుకు తగిలింది. పైడమ్మ జరిగినదంతా చెప్పి, "మారాజా, ఒక్క దోసెడు ఏటి నీళ్లు తాగండి," అని వేడుకుంది.

"నీ చేతి నీళ్లా? నాకేం పిచ్చా!"

"నా సేతివి వద్దు. నా దోనెలో ఒక్కరికే సోటు. నడి ఏట్లోకి మీరే ఎళ్లి, మీ సేత్తో మీరే ముంచుకోండి."

రాజు ఆలోచించాడు. ఒక్కడే ఉన్న చోట అనుమానించడానికి ఎవరున్నారు? దోనె ఎక్కి తడబడుతూ తెడ్డు వేసుకుంటూ వెళ్లాడు. నీళ్లు ముంచుకోవడానికి పక్కకు వంగాడు. అంతే, దోనె బోల్తా కొట్టింది. ఉక్కుకవచం ఆయన్ను రాయిలా కిందికి లాగింది.

"కట్లు ఇప్పండి!" అని సోములు అరిచాడు. తలారి ఆ పొద్దున్నే ఏటి నీళ్లు తాగినవాడు. మరో మాట లేకుండా తాళ్లు కోసేశాడు. సోములు ఏట్లోకి దూకాడు.

నీళ్ల అడుగున తన భుజం పట్టుకున్న చేతిని చూసి, చంపడానికే వచ్చాడని రాజు దాన్ని తోసేశాడు. సోములు మళ్లీ పట్టుకున్నాడు. రాజు మళ్లీ తోసేశాడు. ఆ పెనుగులాటలో గుటక వెంట గుటక నీళ్లు మింగాడు. మూడోసారి ఆ చెయ్యి వచ్చినప్పుడు తోయలేదు. రెండు చేతులతో వాటేసుకున్నాడు.

పైకి తేలగానే దగ్గుతూ, ఊపిరి పీలుస్తూ, రేవంతా వినేటట్టు, "సోములూ, వదలకు! నన్ను వదలకు!" అన్నాడు.

"ఒగ్గను బాబూ, ఒగ్గను," అన్నాడు సోములు, ఒడ్డు వైపు ఈదుతూ. పైడమ్మ మొల లోతు నీళ్లలోకి పరుగెత్తుకెళ్లి తండ్రి మెడను కావిలించుకుంది. మధ్యలో రాజుగారు ఇరుక్కుపోయారు. ఆయన ఏమీ అనుకోలేదు.