నడుము మీద గ్లాసు

అతను అమ్మేది నడుము నొప్పి రానివ్వని కుర్చీలు. షాపుకొచ్చిన ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి, "వెన్నెముకకి అమ్మ ఒడి అండీ!" అని ఊదరగొట్టేవాడు. ఒకరోజు ఆ కుర్చీ ఎంత తేలికో చూపిద్దామని ఒంటిచేత్తో పైకెత్తాడు. కుర్చీ లేచింది గానీ, వంగిన అతను మళ్లీ లేవలేదు.

నడుములో పుట్టిన నొప్పి తొడ వెనక నుంచి పిక్క దాకా జివ్వున పాకింది. అక్క అతన్ని కారులో అడ్డంగా పడుకోబెట్టి ఫిజియోథెరపీ క్లినిక్‌కి తీసుకెళ్లింది.

"ఏం పని చేస్తారు?" అని అడిగింది ఫిజియో అమ్మాయి.

అతను గోడకేసి చూశాడు. అక్క వదుల్తుందా? "నడుము నొప్పి రాకుండా ఉండే కుర్చీలు అమ్ముతాడమ్మా."

ఆ అమ్మాయి పెదాలు బిగబట్టుకుంది. కళ్లని మాత్రం ఆపలేకపోయింది. నవ్వుతున్న ఆ కళ్లని చూస్తూ అతను నొప్పి మరిచిపోయి నిలబడిపోయాడు. నిలబడ్డాడంటే, వంకరగానే.

"సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత?"

"తొమ్మిదండీ."

"నడుముని పట్టి ఉంచాల్సిన కండరాలు హాయిగా నిద్రపోతున్నాయి కుర్చీగారూ. ఆ భారమంతా పాపం నరం మీద పడుతోంది. వాటిని లేపాలి."

ఆ రోజు నుంచి అతని పేరు కుర్చీగారే.

వారానికి మూడు రోజులు చాప మీద పాఠం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవాలి. "పొట్ట బిగించండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి."

"రెండూ ఒకేసారి ఎలాగండీ?"

"ఇప్పుడు మాట్లాడుతున్నారుగా, అలాగే."

తర్వాత చేతులూ మోకాళ్లూ నేలకానించి, కుడిచెయ్యి ముందుకీ ఎడమకాలు వెనక్కీ చాపాలి. ఆమె అతని నడుము మీద ప్లాస్టిక్ గ్లాసుతో నీళ్లు పెట్టేది. కదిలితే ఒలుకుతాయి. మొదటి రెండు వారాలూ చొక్కా తడవకుండా అతను ఇంటికెళ్లిన రోజు లేదు. "కుర్చీలకి నాలుగు కాళ్ల మీద నిలబడ్డం అలవాటేగా?" అనేదామె.

ఒకసారి ధైర్యం చేసి కాఫీకి పిలిచాడు.

"పేషెంట్లతో బయట కాఫీలు తాగనండీ. నా రూలు."

ఆ జవాబులోనే దారి ఉందని అతని బుర్రకి తట్టలేదు. కండరాలు లేచాయి గానీ, బుర్ర ఇంకా నిద్రలోనే ఉంది. అయిదో వారానికి నొప్పి ఒకటికి దిగింది. పూర్తిగా పోతే ఇక రావద్దంటుందని భయం పట్టుకుంది. అందుకని ఎప్పుడడిగినా "ఆరండీ" అనడం మొదలుపెట్టాడు. ఇంట్లో మేనకోడల్ని భుజాల మీద ఎక్కించుకుని గంతులేసేవాడు. క్లినిక్ గుమ్మంలో గుర్తొచ్చి కుంటేవాడు. ఏ కాలు కుంటాలో ఒక్కోసారి మరిచిపోయేవాడు కూడా.

ఎనిమిదో వారం ఆమె కళ్లలో నవ్వు లేదు. చేతిలో కాగితం ఉంది.

"ఇన్ని వారాలైనా ఆరు దగ్గరే ఆగిందంటే, నేనే ఏదో గమనించకుండా వదిలేసుంటాను. స్కాన్‌కి రాశాను. సర్జన్‌కి చూపించుకోండి. నా చేతకానితనం వల్ల మీకు..."

అతనికి తల కొట్టేసినట్టయింది.

"ఒకటి," అన్నాడు.

"ఏంటి ఒకటి?"

"నొప్పి."

ఆమె గ్లాసు అంచు దాకా నింపి తెచ్చింది. "వంగండి."

వంగాడు. చెయ్యీ కాలూ చాపాడు. అక్కణ్నుంచి ఆమె బూట్లు తప్ప ఇంకేమీ కనబడడం లేదు.

"ఎప్పట్నించి ఒకటి?"

"మూడు వారాల్నించి."

"ఎందుకు అబద్ధం చెప్పారు?"

"తగ్గిందంటే రావద్దంటారని. మిమ్మల్ని చూడకుండా ఉండలేనండీ. మీరంటే నాకు ఇష్టం."

బూట్లు కదల్లేదు. ఆమె గడియారం చూసుకుని గ్లాసు తీసింది. "రెండు నిమిషాలు. చుక్క ఒలకలేదు." ఫైలు మీద ఏదో రాసి మూసేసింది. "రేపట్నించి రావక్కర్లేదు. ఇంట్లో మాత్రం వ్యాయామం మానకండి. వెళ్లేటప్పుడు తలుపు దగ్గరికి వేయండి."

ఆ వారమంతా అతను ఒక్క పూట కూడా వ్యాయామం మానలేదు. ఆమె చెప్పిన మాటల్లో మిగిలింది అదొక్కటే.

"ఇప్పుడు నొప్పి ఎంతరా?" అనడిగింది అక్క.

"పది."

"నడుమా?"

"కాదు."

శనివారం మధ్యాహ్నం షాపు తలుపు తోసుకుని ఆమె వచ్చింది.

"క్లినిక్‌లో నా స్టూలుకి వీపు ఆనించుకోడానికేం లేదు. ఓ కుర్చీ చూపించండి."

అతను నోరు పెగల్చుకున్నాడు. "ఇది వెన్నెముకకి అమ్మ..."

"అబద్ధాలొద్దు."

"మామూలు కుర్చీయేనండీ. కూర్చుంటే బావుంటుంది, అంతే."

ఆమె కూర్చుని గిర్రున ఒక చుట్టు తిరిగింది.

"కోపం తగ్గిందాండీ?"

"సున్నా నుంచి పది దాకానా?" ఆలోచించింది. "మూడు. నన్నెంత కంగారు పెట్టారో తెలుసా?"

"తెలుసండీ. ఇంకెప్పుడూ పెట్టను."

"సరే. మీరు ఇప్పుడు నా పేషెంటు కాదు. మరి కస్టమర్లతో కాఫీ తాగకూడదని మీకేమైనా రూలుందా?"

"ఉన్నా తీసేస్తామండీ!" అంటూ అతను లోపలికి పరిగెత్తాడు.

నడుము మీద నిండు గ్లాసుని రెండు నిమిషాలు నిలిపిన మనిషి, రెండు కప్పులు పట్టుకుని పది అడుగులు వేసేసరికి సగం కాఫీ చొక్కా మీద పోసుకున్నాడు.

ఆమె ఈసారి కళ్లతో ఊరుకోకుండా పైకే పకపకా నవ్వింది.

"రెండు," అంది.