గేరు మార్చొద్దు

పోయిన నెలలో ఇద్దరు సాక్షులు కోర్టు గేటు దాకా క్షేమంగా వెళ్ళారు. గేటు మాత్రం దాటలేదు. ఇద్దరి కార్లూ సరిగ్గా అక్కడే పేలిపోయాయి. చుట్టుపక్కల ఎంత గాలించినా శత్రువన్నవాడు కనబడలేదు.

ఇక మిగిలింది మూడో సాక్షి. విదేశీ ముఠాకి ఏళ్ళ తరబడి మాటలు తర్జుమా చేసిపెట్టిన ముసలాయన. డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని 'దుబాసీ' అంటారు. ఆయన నోరు విప్పితే ముఠా మొత్తం బోనెక్కుతుంది. విప్పకముందే పోతే కేసూ ఆయనతోనే పోతుంది.

ఆయన్ని కోర్టుకి చేర్చే అసైన్‌మెంట్ ఏజెంట్ 'పానా' మెడకి చుట్టుకుంది. పైకి కార్ల యాక్సెసరీస్ షాపు, లోపల గూఢచారి ఉద్యోగం. రెండింటిలోనూ చేతులకి గ్రీజు తప్పదు. కౌంటర్లో కూర్చునేది అతని భార్య. మొగుడి అసలు ఉద్యోగం ఆవిడకి సగం తెలుసు. మిగతా సగం ఆవిడ అడగదు, ఇతను చెప్పడు.

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. ఎవరి కంటా పడని పాత సెడాన్ వాడాలి. కారులో పుట్టుకతో వచ్చిన నావిగేషన్ మరీ పాతది. కొత్త ఫ్లైఓవర్ ఎక్కితే కారు చెరువులో పడిందని గోలపెడుతుంది. అందుకని ఫోన్‌లోని మ్యాపు ఆ స్క్రీన్ మీదే కనబడేలా, కాల్స్ కారు స్పీకర్లలోనే వినబడేలా అడాప్టర్ బిగించమన్నాడు. తోడుగా 'సీతాకోక' వస్తుందన్నాడు. ముఠాలో ఉంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్.

బిగించే రోజు సీతాకోక షాపుకి వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, గది నిండా సెంటు వాసన. సోఫాలో కూర్చుని తల నొప్పిగా ఉందంది. పెళ్ళాం అడిగితే ఏనాడూ కుర్చీలోంచి లేవని మన పానా, కాఫీ కలపడానికి స్వయంగా లోపలికి పరిగెత్తాడు.

తర్వాత పని శ్రద్ధగానే చేశాడు. సీలు విప్పి, అడాప్టర్ ఉన్న చిన్న పెట్టెని స్క్రీన్ వెనక బిగించాడు. స్పీకర్ల గొంతు పెంచే ఆంప్లిఫయర్‌ని వెనక సీటు కింద పెట్టాడు. రివర్స్ వైరు కలిపి, గేరు వేసి చూశాడు. పెట్టె మీద దీపం ఆరిపోయి, స్క్రీన్ మీదకి వెనక కెమెరా వచ్చింది. అంతా సవ్యంగా ఉంది. కారు రివర్స్‌లో ఉన్నంతసేపు ఆ పెట్టె ఉత్త ఇటుకతో సమానం.

కోర్టు రోజున పానా టాక్సీ డ్రైవర్ టోపీ పెట్టుకుని, మీసం అంటించుకుని దుబాసీ తలుపు తట్టాడు.

"గడియారం ఆగిపోయిందా?"

"కీ ఇవ్వడం మరిచాను."

కోడ్ సరిపోయింది. ముసలాయన వెనక, సీతాకోక ముందు కూర్చున్నారు. మబ్బు పట్టి ఊరంతా చీకట్లు కమ్మినట్టుంది. కోర్టు వెనక వీధిలోకి తిరగగానే సీతాకోక కారాపించింది. నడిచి వెళ్ళి గేటు చూసొస్తాననీ, నెమ్మదిగా రమ్మనీ నవ్వుతూ చెప్పి దిగిపోయింది.

"ఆ నవ్వు నాకు నచ్చలేదు బాబూ," అన్నాడు దుబాసీ. "వాళ్ళ దగ్గర పనిచేసినప్పుడు ఇలాంటివి చాలా చూశాను."

పానా కారు ముందుకి పోనిచ్చాడు. గేటుకి ఒక్క నిమిషం దూరమని చూపిస్తోంది మ్యాపు. అంతలో స్పీకర్లలో భార్య గొంతు.

"ఏమండీ, మీ మతిమరుపుకి మందు లేదు. ఆ కారుకి పెట్టాల్సిన పెట్టె, ఆంప్లిఫయరూ సీలు కూడా విప్పకుండా సోఫా వెనక పడున్నాయి. మరి కారుకేం బిగించారు?"

కొత్త ఆంప్లిఫయర్ పెట్టినా ఆ గొంతు ఎప్పటిలాగే పీలగా వినిపించింది. అంటే ముసలాయన సీటు కింద ఉన్నది ఆంప్లిఫయర్ కాదు. పైగా ఈ మాటలు స్క్రీన్ వెనక పెట్టె కూడా విన్నది. దాని అవతల ఎవరున్నారో వాళ్ళూ విన్నారు.

బ్రేక్ తొక్కాడు. గేరు రివర్స్‌లోకి లాగాడు.

మ్యాపు మాయమైంది, పెట్టె మళ్ళీ ఇటుకైంది. కెమెరాలో దాదాపు ఖాళీ వీధి, దూరంగా ఒక స్కూటరు, పేవ్‌మెంట్ మీద సీతాకోక. గేటు దగ్గరికి వెళ్ళనే లేదు. ఎక్కడ దిగిందో అక్కడే నిలబడి, లిఫ్టు రాకపోతే బటన్ నొక్కినట్టు ఫోన్ మీద మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది.

పానా యాక్సిలరేటర్ తొక్కాడు. వెనక వస్తున్న స్కూటరువాడు తిట్టుకుంటూ తప్పుకున్నాడు. కారు పేవ్‌మెంట్ ఎక్కి, మూసిన షాపు షట్టరుకీ బంపరుకీ మధ్య సీతాకోక మోకాళ్ళని బిగించి ఆగింది. ఫోన్ కింద పడింది. అప్పటికే నొక్కినవన్నీ పెట్టె మేలుకోవడం కోసం కాచుకుని ఉన్నాయి.

పానా హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు మీద చెయ్యి ఉంచి, అద్దం దించి తల బయట పెట్టాడు.

"మేడమ్, గేరు మార్చనా?"

లిప్‌స్టిక్ తప్ప ఆ మొహంలో రంగు మిగల్లేదు.

"మార్చొద్దు. నీకు దండం పెడతాను, మార్చొద్దు."

"ముందు ఏది పీకాలి?"

"సీటు కిందది. ప్లగ్గు పీకితే చాలు."

నమ్మొచ్చా? ఆమె కాళ్ళు బంపరు దగ్గరే ఉన్నాయి కాబట్టి నమ్మొచ్చు. దుబాసీని దిగిపొమ్మన్నాడు పానా. ముసలాయన దిగలేదు. వంగి, సీటు కింద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్లగ్గు తనే లాగేశాడు.

ఏమీ కాలేదు. పానా ఫోన్ అందుకుని చీఫ్‌కి కబురు పెట్టాడు.

డిపార్ట్‌మెంట్ వ్యాను సైరన్ వీధి మొదట్లో వినిపించాక, పానా స్క్రీన్ వెనక పెట్టెని వైర్లతో సహా ఊడబెరికాడు. కెమెరా పోయి, పాత నావిగేషన్ చాలా రోజుల తర్వాత కళ్ళు తెరిచింది. కారు ఎక్కడుందో కాసేపు వెతుక్కుని, గంభీరంగా సలహా ఇచ్చింది.

"వీలైన చోట వెనక్కి తిరగండి."

"ఇప్పటిదాకా ఆ పనే చేశాం తల్లీ," అన్నాడు పానా, ఊడిపోయిన మీసం జేబులో పెట్టుకుంటూ.